సిగ్నల్ టైమింగ్ ఎలా పెట్టాలి: రద్దీ చౌరస్తాలో సెకన్లు పంచే పద్ధతి

సాయంత్రం ఆరున్నర. మీ ముందు నలభై బళ్లు, వెనక ఎన్నో తెలీదు. పక్క రోడ్డుకు గ్రీన్ ఉంది కానీ అటు నుంచి రావాల్సినవాళ్లంతా వచ్చేశారు. ఇప్పుడా రోడ్డు మీద ఒక కుక్క తీరిగ్గా నడుస్తోంది. టైమర్ మాత్రం 31, 30, 29 అని లెక్కపెడుతూనే ఉంది. హారన్లు మొదలయ్యాయి. పక్క బండి ఆయన విసుగ్గా, "మనవైపు గ్రీన్ టైమ్ పెంచాలండీ" అంటాడు.

పెంచకూడదు. చాలా చోట్ల తగ్గించాలి. మీవైపు పెంచితే రేపు ఇంకోవైపు ఆయన అదే మాట అంటాడు. అక్కడా పెంచుతారు. చివరికి సిగ్నల్ ఒక చుట్టు తిరిగి రావడానికి మూడు నిమిషాలు పడుతుంది, అందరూ మూడు నిమిషాలు నిలబడతారు. మన సమయం తినేది రెడ్ కాదు, ఖాళీ రోడ్డుకు పడిన గ్రీన్.

దాన్ని పట్టుకుని సరిచేయడం ఎలాగో వరసగా చెబుతాను. మున్సిపాలిటీలో కొత్తగా చేరిన ఏఈలు, ట్రాఫిక్ ఎస్సైలు, ప్రాజెక్టు కోసం చూస్తున్న సివిల్ విద్యార్థులు, ఊరికే కూర్చోలేని కాలనీ సంఘం పెద్దలు ఎవరైనా చేయగలిగిన లెక్కే. ఆఖరి ఇద్దరికీ ముందే ఒక మాట: సిగ్నల్‌ను నడిపే కంట్రోలర్ బాక్సు జోలికి మీరు వెళ్లొద్దు. లెక్క కట్టి, కాగితం మీద పెట్టి, ట్రాఫిక్ పోలీసుల దగ్గరికి తీసుకెళ్లండి. మార్చేది వాళ్లు.

మొదటి రోజు: ఏమీ చేయకండి, నిలబడి చూడండి

రద్దీ వేళ ఒక గంట చౌరస్తాలో నిలబడండి. టీ కొట్టు ఉంటే మరీ మంచిది. గ్రీన్ పడ్డాక బళ్లు ఎందుకు కదలట్లేదో చూడండి. స్టాప్ లైన్ దాటగానే ముప్ఫై మీటర్లలో బస్సు ఆగుతోందా? ఫ్రీ లెఫ్ట్ నోట్లో ఆటోలు నిలబడ్డాయా? లైన్ దగ్గర గుంత ఉండి బైకులన్నీ ఒకవైపుకి ఒరుగుతున్నాయా? ఇవి ఉంటే ఏ టైమింగూ పనిచేయదు. బస్సు వెనక ఇరుక్కున్న గ్రీన్ కాగితం మీద 40 సెకన్లు, రోడ్డు మీద పదిహేను.

హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 2022లో ఆపరేషన్ రోప్ మొదలుపెట్టినప్పుడు స్టాప్ లైన్, ఫ్రీ లెఫ్ట్, అడ్డదిడ్డం పార్కింగుల మీదే పడ్డారు. కొంతమంది చలాన్ల కోసం అనుకున్నారు కానీ ఆ వరస సరైనదే. ముందు చౌరస్తా నోరు ఖాళీ చేయాలి, తర్వాతే సెకన్లు.

లెక్కపెట్టడం, లైన్ దగ్గర కాదు

రోడ్డుకు ఒకరు చొప్పున నలుగురు కావాలి. మనుషులు లేకపోతే రెండో అంతస్తు బాల్కనీ నుంచి ఫోన్లో వీడియో తీసుకుని, ఇంటికెళ్లి మెల్లగా లెక్కపెట్టుకోండి. బైకులు, ఆటోలు, కార్లు, బస్సులు-లారీలు వేరువేరు గడుల్లో రాయండి. నేరుగా వెళ్లేవి, కుడికి తిరిగేవి కూడా వేరువేరుగా. ఫ్రీ లెఫ్ట్‌లో ఆగకుండా వెళ్లేవాటిని లెక్కలోంచి తీసేయండి, వాటికి సిగ్నల్‌తో పని లేదు. పావుగంటకోసారి మొత్తం వేయండి. అన్నిటికన్నా బరువైన పావుగంటను నాలుగుతో గుణిస్తే, డిజైనుకు తీసుకోవాల్సిన గంట లెక్క వస్తుంది. గంట మొత్తానికి సగటు వేస్తే ఆ పావుగంటలో మునిగిపోతారు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మొదట్లో ఒక చౌరస్తాలో స్టాప్ లైన్ పక్కనే కూర్చుని, దాటిన ప్రతి బండినీ శ్రద్ధగా గీతలు పెట్టి లెక్కపెట్టాను. లెక్క ప్రకారం పాత టైమింగే అద్భుతంగా ఉంది! క్యూ మాత్రం పెట్రోల్ బంకు దాకా ఉంది. నేను లెక్కపెట్టింది సిగ్నల్ వదిలిన బళ్లను, వచ్చిన బళ్లను కాదు. గ్రీన్ తక్కువ ఉన్న రోడ్డు తక్కువ బళ్లను వదులుతుంది. తక్కువ వదిలింది కాబట్టి అక్కడ రద్దీ లేదని నా కాగితం చెప్పింది. ఎవరికి అన్యాయం జరుగుతోందో వాళ్లకే అక్కర్లేదని రాసుకొచ్చానన్నమాట.

కాబట్టి పావుగంట మొదట్లో క్యూలో ఎన్ని ఉన్నాయో, చివర్లో ఎన్ని ఉన్నాయో రాసుకోండి. దాటినవాటికి ఆ పెరుగుదల కలపండి. అదీ అసలు గిరాకీ.

తర్వాత అన్నిటినీ కారు లెక్కలోకి మార్చాలి. దీన్నే ఇంజినీర్లు పీసీయూ అంటారు. సిగ్నల్ దగ్గర నేను వాడే అంకెలు: బైకు 0.4, ఆటో 0.5, కారు 1, బస్సు లేదా లారీ 2. అంకెల మీద గొడవ పడే ఇంజినీర్లను చాలామందిని చూశాను. గిరాకీకీ, రోడ్డు సత్తాకీ ఒకే అంకెలు వాడితే చిన్న తేడాలు చాలావరకు కొట్టుకుపోతాయి, ఎందుకంటే మనకు చివరికి కావాల్సింది ఆ రెంటి నిష్పత్తి.

రోడ్డు సత్తా కొలవడం

గ్రీన్ ఆపకుండా గంటసేపు ఇస్తే ఒక రోడ్డు ఎన్ని బళ్లను వదలగలదు? దాన్ని సాచురేషన్ ఫ్లో అంటారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1985లో ఇచ్చిన సిగ్నళ్ల మార్గదర్శకం, ఐఆర్‌సీ 93, ఇందుకు సులువైన లెక్క చెబుతుంది: అయిదున్నర మీటర్లకు మించిన వెడల్పు ఉంటే మీటరుకు 525 పీసీయూ. ఏడు మీటర్లకు 3,675 అన్నమాట. 2017లో వచ్చిన ఇండో-హెచ్‌సీఎం, అంటే రోడ్ల సామర్థ్యం లెక్కగట్టే మన దేశపు మాన్యువల్, మన మిశ్రమ ట్రాఫిక్‌ను చూసి ఇంకొంచెం వివరంగా చెప్పింది.

పుస్తకం చూడండి, కానీ కొలిచిందే నమ్మండి. స్టాప్‌వాచ్ తీసుకుని గ్రీన్ పడ్డాక మొదటి అయిదు సెకన్లు వదిలేయండి. అక్కడి నుంచి ఆగి ఉన్న క్యూలో చివరి బండి దాటేదాకా లెక్కపెట్టండి. ఉదాహరణకు 30 సెకన్లలో 38 బైకులు, 9 ఆటోలు, 9 కార్లు, 1 బస్సు దాటాయనుకోండి. 15.2, 4.5, 9, 2 కలిపి 30.7. గంటకు 3,684. సిగ్నల్ ఒక పూర్తి చుట్టు తిరిగితే ఒక సైకిల్; ఇలా పది సైకిళ్లు కొలిచి సగటు తీయండి.

ఈ పని చేస్తున్నప్పుడే ఒకటి మీ కంట పడుతుంది. క్యూ అయిపోయిన క్షణం నుంచి బళ్ల మధ్య ఖాళీలు పెరుగుతాయి. అప్పటిదాకా గుంపుగా వెళ్లినవి ఒకటీ అరా అవుతాయి. క్యూ ఎన్నో సెకనుకు తెగిందో, ఆ తర్వాత గ్రీన్ ఎన్ని సెకన్లు మిగిలిందో పక్కనే రాసుకోండి. మిగతా లెక్కలు ఏమీ చేయకపోయినా ఈ ఒక్క అంకె చూపించి సగం పని చేయించుకోవచ్చు.

పసుపు, ఆల్ రెడ్, వృథా సెకన్లు

ఒకేసారి గ్రీన్ పడే రోడ్ల వంతును ఫేజ్ అంటారు. ఒక ఫేజ్ మారిన ప్రతిసారీ కొంత సమయం ఎవరికీ చెందకుండా పోతుంది. గ్రీన్ పడ్డాక ముందు బండి గేరు వేసి కదలడానికి రెండు సెకన్లు. చివర్లో అందరికీ రెడ్ ఉండే రెండు సెకన్లు, అదే ఆల్ రెడ్. మొత్తం ఫేజుకు నాలుగు. పసుపును వృథాలో వేయనక్కర్లేదు. పసుపు చూసి మనవాళ్లు ఆగుతారా, ఇంకాస్త వేగం పెంచుతారా అన్నది మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అయినా పసుపు కొలత మాత్రం తప్పకూడదు. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. చూసి తేరుకోవడానికి ఒక సెకను, మామూలుగా బ్రేకు వేస్తే ఆగడానికి పట్టే దూరాన్ని అదే వేగంతో దాటడానికి దాదాపు రెండు. కాబట్టి 3 సెకన్లు. బైపాస్ లాంటి చోట 60లో వస్తుంటే 4 పెట్టాలి. ఆల్ రెడ్‌కు, చివరి బండి స్టాప్ లైన్ నుంచి అవతలి గుంపుకు అడ్డు తప్పుకునేదాకా ఎంత దూరమో చూడండి. బండి పొడవు కలిపి పాతిక మీటర్లయితే 11తో భాగించండి, రెండు పైచిలుకు.

ఆలస్యం తగ్గించాలని ఆల్ రెడ్ కొరికేసేవాళ్లున్నారు. దయచేసి వద్దు. మన కౌంట్‌డౌన్ టైమర్లలో 2 కనబడగానే బైకులు దూకుతాయి. అటు పసుపులో దూరినవాడు, ఇటు ముందే దూకినవాడు ఢీకొనకుండా కాపాడేది ఆ రెండు సెకన్లే.

సైకిల్ ఎంత ఉండాలి

ఇప్పుడు అసలు లెక్క. బ్రిటన్ రోడ్ పరిశోధన సంస్థలో వెబ్‌స్టర్ అనే ఆయన 1958లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ నడుస్తోంది. ఒక్కో ఫేజుకు గిరాకీని సత్తాతో భాగించండి. ఆ భాగాలన్నీ కూడండి. మొత్తం వృథా సెకన్లను ఒకటిన్నరతో గుణించి 5 కలపండి. దాన్ని, ఒకటిలోంచి ఆ కూడిక తీసేయగా మిగిలిన అంకెతో భాగించండి. వచ్చిందే ఆలస్యం అతి తక్కువగా ఉండే సైకిల్.

అంకెలతో చూద్దాం. మెయిన్ రోడ్డు ఒక్కోవైపు 7 మీటర్లు, సత్తా 3,675. అడ్డరోడ్డు 6 మీటర్లు, సత్తా 3,150. గంటకు గిరాకీ తూర్పు నుంచి 900, పడమర నుంచి 820, ఉత్తరం నుంచి 480, దక్షిణం నుంచి 430. మన ఊళ్లలో అలవాటైన పద్ధతి ఒక్కో రోడ్డును విడివిడిగా వదలడం, అంటే నాలుగు ఫేజులు. భాగాలు 0.245, 0.223, 0.152, 0.137. మొత్తం 0.757. వృథా 16 సెకన్లు. 29ని 0.243తో భాగిస్తే 119, అంటే రెండు నిమిషాల సైకిల్. మిగిలిన 104 సెకన్లను భాగాల ప్రకారం పంచితే 34, 30, 21, 19.

ఇదే చౌరస్తాకు చాలా చోట్ల 180 పెడతారు. 'చుట్టు పెద్దదైతే వృథా తగ్గుతుంది కదా' అని వాదన. నిజమే, 120లో వృథా 13 శాతం, 180లో 9 శాతం. నాలుగు శాతం మిగిలింది. మరి పోయిందెంత? ఉత్తరం రోడ్డు మీద సగటు నిరీక్షణ, ఆలస్యానికి వెబ్‌స్టరే ఇచ్చిన ఇంకో సూత్రంలోని మొదటి భాగం (బళ్లు సమానంగా వస్తాయనుకుని కట్టేది) వరకే చూసినా, 48 సెకన్ల నుంచి 71కి పెరిగింది. పైగా క్యూ పొడుగై ఫ్రీ లెఫ్ట్ మొదలు దాటిపోతుంది. ఆగనక్కర్లేని వాళ్లు కూడా ఆగుతారు. అప్పుడు నాలుగు శాతం లాభమూ మిగలదు.

కూడిక 0.9 దాటిందంటే సూత్రం మిమ్మల్ని నాలుగయిదు నిమిషాల సైకిల్ వైపు తోస్తుంది. అది టైమింగ్ సమస్య కాదు, చౌరస్తాకు సరిపోని ట్రాఫిక్. అక్కడ ఫేజులు తగ్గించాలి, లేదా లేన్ వెడల్పు చేయాలి.

ఫేజులు తగ్గించడం

అసలు లాభం ఇక్కడుంది. నలుగురిని విడివిడిగా ఎందుకు వదులుతున్నాం? ఎదురెదురు రోడ్లను కలిపి వదిలితే కుడికి తిరిగేవాళ్లు అడ్డం పడతారని. మరి మెయిన్ రోడ్డు మీద కుడికి తిరిగేవాళ్లు ఎంతమంది? మీరు లెక్కపెట్టారు కాబట్టి తెలుసు. కొద్దిమందే అయి, అవతల రెండు మూడు వందల మీటర్లలో యూటర్న్‌కు చోటుంటే, వాళ్లను నేరుగా పంపించండి. యూటర్న్ తీసుకుని వెనక్కి వచ్చి ఫ్రీ లెఫ్ట్‌లో వెళ్లిపోతారు. ఫ్రీ లెఫ్ట్ ఖాళీగా ఉంచమని మొదట్లో గోల పెట్టింది ఇందుకే. హైదరాబాద్‌లో చాలా జంక్షన్లను ఈ దారిలోనే మార్చారు. అయితే యూటర్న్ కిలోమీటరు అవతల పెడితే జనం రాంగ్ రూట్లో వస్తారు. తిట్టి లాభం లేదు, దూరం తగ్గించాలి.

ఇప్పుడు తూర్పు-పడమర ఒక ఫేజ్, ఉత్తరం ఒకటి, దక్షిణం ఒకటి. మెయిన్ రోడ్డుకు రెంటిలో పెద్దదైన 0.245 చాలు. మొత్తం 0.534, వృథా 12. సైకిల్ 49 సెకన్లు! 120 నుంచి 49కి.

సంబరపడకండి. నడిచేవాళ్లను మర్చిపోయాం.

నడిచేవాళ్ల సెకన్లు

అడ్డరోడ్డుకు గ్రీన్ ఉన్నప్పుడే మెయిన్ రోడ్డును జనం దాటాలి. 16 మీటర్ల రోడ్డు, సెకనుకు 1.2 మీటర్ల నడక. 13 సెకన్లు పైచిలుకు. కాలు కదపడానికి, చూసుకోవడానికి ఏడు సెకన్లు. మొత్తం 20. దగ్గర్లో ఆస్పత్రో, బడో ఉంటే నడకను 0.9గా తీసుకోండి, అప్పుడు 25 అవుతుంది. మధ్యలో నిలబడడానికి సరైన మీడియన్ ఉంటే రెండు విడతలుగా దాటించవచ్చు. మన మీడియన్లు చాలావరకు అడుగున్నర వెడల్పు, మీద మొక్కలు. వాటి మీద చంటిపిల్లతో నిలబడి చూడండి, తర్వాత రెండు విడతల మాట మాట్లాడవచ్చు.

కాబట్టి ఉత్తరం, దక్షిణం రెంటికీ కనీసం 20. అదే నిష్పత్తిలో మెయిన్ రోడ్డుకు 32. వృథా 12 కలిపితే సైకిల్ 84 సెకన్లు. ఇది పెట్టాల్సిన అంకె. ఉత్తరం రోడ్డు మీద సగటు నిరీక్షణ, ఇందాకటి లెక్క ప్రకారమే, 29 సెకన్లు. తూర్పున 21. అదే తూర్పు రోడ్డుకు 180 సైకిల్‌లో 59 వచ్చేది. కొత్త రోడ్డు వేయలేదు, ఫ్లైఓవర్ కట్టలేదు.

కంట్రోలర్‌లో ఎక్కించేటప్పుడు ఒక చిన్న మెలిక ఉంది. మన లెక్కలోని 32లో పసుపు వాడకం కలిసే ఉంది, కదలడానికి పట్టే రెండు సెకన్లు మాత్రం లేవు. రెండూ సర్దితే కనబడే గ్రీన్ 31 సెకన్లు, ఆపై పసుపు 3, ఆల్ రెడ్ 2. అలాగే 20కి 19. మూడు ఫేజులూ కూడితే 84 రావాలి: 36, 24, 24. రాకపోతే ఎక్కడో తప్పు పోయింది, బాక్సు మూయకండి.

రోజంతా ఒకటే పెట్టొద్దు, పక్క సిగ్నల్‌నీ చూడండి

ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి వేర్వేరు ప్లాన్లు కావాలి. బడి వదిలే వేళకు ఇంకొకటి. సంత రోజు ఉంటే అది వేరు. పెళ్లి ముహూర్తాల రోజు ఫంక్షన్ హాళ్ల రోడ్డు సంగతి చెప్పక్కర్లేదు, దానికి మాత్రం మనిషి నిలబడాల్సిందే. రాత్రి పదకొండు తర్వాత ఖాళీ చౌరస్తాలో రెడ్ దగ్గర నిలబెడితే జనానికి రెడ్ అంటే లెక్కలేనితనం అలవాటవుతుంది, బ్లింకర్‌లో పెట్టండి.

అదే రోడ్డు మీద 400 మీటర్లలో ఇంకో సిగ్నల్ ఉంటే రెంటికీ ఒకే సైకిల్ ఉండాలి. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. ఇక్కడ గ్రీన్ పడ్డ 40 సెకన్లకు అక్కడ పడితే గుంపు ఆగకుండా సాగిపోతుంది. అక్కడ ముందే కొన్ని బళ్లు ఆగి ఉంటాయి కాబట్టి, అవి కదలడానికి అయిదారు సెకన్లు ముందుకు జరపండి. ఎదురు దిక్కు సంగతేమిటి? 84లో సగం 42. ప్రయాణ సమయం సైకిల్‌లో సగానికి దగ్గరగా ఉంటే రెండు వైపులా కుదురుతుంది. మన ఉదాహరణకు అదృష్టవశాత్తూ కుదిరింది. కుదరనిచోట ఉదయం ఊళ్లోకి వచ్చేవాళ్లకు, సాయంత్రం ఇంటికెళ్లేవాళ్లకు మొగ్గు చూపండి.

కెమెరాలు, సెన్సర్లు పెట్టి సిగ్నలే తన టైమింగ్ మార్చుకునే పద్ధతులు ఉన్నాయి. సిడ్నీలో పుట్టిన స్కాట్స్ 1970ల నాటిది. గూగుల్ మ్యాప్స్ కదలికలు చూసి సిగ్నళ్లకు సలహాలిచ్చే గ్రీన్ లైట్ ప్రాజెక్టు నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. ఇవన్నీ మంచివే. కానీ ఫ్రీ లెఫ్ట్‌లో ఆటో నిలబడితే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని జరపలేదు.

మార్చాక

కొత్త టైమింగ్ మంగళవారమో బుధవారమో మొదలుపెట్టండి. సోమవారం వద్దు, పండగ ముందు అసలే వద్దు. అక్కడి కానిస్టేబుల్‌కు ముందే విషయం చెప్పండి. లేకపోతే మొదటి హారన్‌కే సిగ్నల్ మాన్యువల్‌లోకి వెళుతుంది, మీ లెక్క ఎవరికీ తెలియకుండానే పోతుంది. ఆయన చెప్పేదీ వినండి. ఏ గంటకు ఏ కాలేజీ వదులుతుందో ఆయనకు తెలిసినంత మీ వీడియోకు తెలీదు.

వారం తర్వాత మళ్లీ అదే టీ కొట్టు దగ్గర నిలబడి ఒక్కో రోడ్డుకు పది సైకిళ్లు చూడండి. పదిలో రెండు మూడుసార్లకు మించి క్యూ తెగకుండా మిగిలిపోతుంటే ఆ ఫేజుకు రెండు సెకన్లు కలపండి. క్యూ తెగాక అయిదు సెకన్లకు పైగా ఖాళీ గ్రీన్ ఉంటే రెండు తీయండి, నడిచేవాళ్ల కనీస సమయం మాత్రం తాకకుండా. ఒకేసారి పది మార్చొద్దు, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

చివరిగా, పెట్టిన అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి కంట్రోలర్ బాక్సు తలుపు లోపలివైపు అంటించమనండి. పిడుగు పడి కంట్రోలర్ మార్చిన రోజు వచ్చే మెకానిక్ ఆ కాగితం లేకపోతే, అలవాటుగా నాలుగు రోడ్లకూ తలా 45 పెట్టి వెళ్లిపోతాడు.